పారిస్‌ స్టేక్ బిస్ట్రోకి అమ్మనో నాన్ననో తీసుకెళ్లడం ఎలా?

స్టేక్ అంటే కాల్చిన మందపాటి మాంసం ముక్క, ఎక్కువగా బీఫ్; దాన్ని వడ్డించే చిన్న రెస్టారెంటే స్టేక్ బిస్ట్రో. అక్కడ వెయిటర్ తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "కెల్ క్విసోఁ?" మాంసం ఎంతవరకు కాల్చమంటారు అని. మనం ఒక్కళ్లమే అయితే ఏదో ఒకటి చెప్పి గట్టెక్కుతాం. పక్కన అమ్మో నాన్నో ఉంటే మాత్రం ఆ పూట భోజనం బాగుంటుందో లేదో అక్కడే తేలిపోతుంది. ఆ ప్రశ్న వచ్చేలోపే సగం పని ముగించుకుని ఉండాలి.

1. వేళ చూసుకోండి

రాత్రికన్నా మధ్యాహ్నం మేలు. చాలా బిస్ట్రోల్లో వంటగది 12 నుంచి 2 దాకా నడుస్తుంది, మళ్లీ సాయంత్రం 7 దాటాకే పొయ్యి వెలుగుతుంది. తొందరగా తిని మాత్ర వేసుకుని పడుకునే అలవాటున్న మనిషిని ఎనిమిదిన్నరకి కూర్చోబెడితే స్టేక్ వచ్చేసరికి ఆకలి చచ్చిపోతుంది. పైగా మధ్యాహ్నం 'ఫోర్ముల్' ఉంటుంది: రెండు మూడు వంటకాలు కలిపి ఒకే ధర, విడివిడిగా తీసుకున్నదానికంటే చవక. మధ్యాహ్నం మూడింటికి ఆకలేస్తే 'సెర్విస్ కోంతిన్యూ' (వంట మధ్యలో ఆపం) అని బోర్డు పెట్టిన బ్రాసరీ, అంటే బిస్ట్రోకన్నా పెద్ద రెస్టారెంట్, వెతుక్కోవాలి.

2. ఫోన్‌లో టేబుల్ అడుగుతూ టాయిలెట్ గురించీ అడగండి

నవ్వొచ్చినా సరే, అడగండి. పారిస్‌లోని పాత భవనాల్లో టాయిలెట్ చాలాచోట్ల నేలమాళిగలో ఉంటుంది, అక్కడికి మెలికలు తిరిగిన ఇరుకు మెట్లు దిగాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అదో పర్వతం. అడిగితే అదే అంతస్తులో ఉన్న చోటు వెతుక్కోవచ్చు.

ఇంకో సంగతి, గోడ వెంబడి ఉండే మెత్తటి బెంచీ. పెద్దవాళ్లని అక్కడ కూర్చోబెట్టాలనిపిస్తుంది. కానీ టేబుళ్లు ఎంత దగ్గరగా ఉంటాయంటే, మధ్యలో లేవాలంటే వెయిటర్ వచ్చి టేబుల్ బయటికి లాగాల్సిందే. అలా నలుగురినీ కదిలించడం ఇష్టంలేక అమ్మ రెండు గంటలు బిగబట్టుకుని కూర్చుంటుంది. కుర్చీ వైపే కూర్చోబెట్టండి.

మెనూ చూసి తికమకపడే మనిషైతే పోర్ట్ మాయో దగ్గరున్న ల రలే ద వెనీజ్ లాంటి చోటు హాయి. పోల్ జినెస్త్ ద సోర్ అనే ఆయన తమ కుటుంబం తోటల వైన్‌కి గిరాకీ కోసం 1959లో దాన్ని మొదలుపెట్టాడు. అక్కడ భోజనం ఒకటే: వాల్‌నట్ పలుకులు వేసిన సలాడ్, సాస్‌తో ఆంత్రకోత్ అనే స్టేక్ ముక్క, వేయించిన బంగాళాదుంపలు. ఎంత కాల్చాలో చెబితే టేబుల్ మీది కాగితం మీదే రాసుకుంటారు. ప్లేటు ఖాళీ కాగానే రెండో విడత వడ్డిస్తారు కాబట్టి మొదటిదాంతోనే కడుపు నింపేయొద్దని ముందే చెప్పండి. రిజర్వేషన్లు తీసుకోరు, క్యూలో నిలబడాలి. నిలబడలేనివాళ్లతో అయితే తలుపు తెరిచే వేళకే చేరిపోండి.

3. మెనూ వీధిలోనే చదివించండి

ఫ్రాన్స్‌లో రెస్టారెంట్లు మెనూనీ ధరల్నీ బయట పెట్టాలి. లోపల మసక వెలుతురులో, సుద్దతో రాసిన నల్లబల్ల వైపు కళ్లు చికిలించే పని అక్కర్లేదు. ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూపించండి. 'ఆంత్రే' అంటే మొదట తినేది, 'ప్లా' అంటే అసలు వంటకం. 'తార్తార్' అంటే తరిగిన పచ్చి మాంసం, చాలాసార్లు పైన పచ్చి గుడ్డు సొన. 'ఆందుయెత్' పేగులతో చేసే సాసేజ్, దాని వాసన గురించి ముందు చెప్పకపోతే తర్వాత మీరే మాట పడతారు.

తలుపు తీయగానే "బోంజూర్" అనండి, సాయంత్రమైతే "బోంస్వార్". అది అనకుండా నేరుగా టేబుల్ అడిగితే అక్కడ మర్యాద తప్పినట్టే.

4. ముక్కని పళ్లని బట్టి ఎంచండి

మెనూలో స్టేక్ అన్న మాట కన్నా ముక్క పేరే ఎక్కువ కనిపిస్తుంది. నేను అమ్మని మొదటిసారి తీసుకెళ్లినప్పుడు ఓంగ్లే చెప్పాను. కసాయి తనకోసం దాచుకునే ముక్క అని పేరు దానికి, మంచిది తినిపిస్తున్నానని నా గొప్ప. అమ్మ చాలాసేపు కత్తితో కోస్తూనే ఉంది. "ఎలా ఉందమ్మా?" అంటే "బానే ఉందిరా, నువ్వు తిను" అంది. ప్లేట్లు తీసేటప్పుడు చూస్తే, లెట్యూస్ ఆకు కింద నమిలి పెట్టిన నాలుగు ముక్కలు. బంగాళాదుంపలు మాత్రం ఒక్కటి మిగల్లేదు.

ఓంగ్లే, బవెత్ అనే ముక్కలకి రుచి ఎక్కువ, నార కూడా ఎక్కువే. కట్టుడు పళ్లవాళ్లకి ఫిలె చెప్పండి. వెన్ను లోపలి వైపు కండ అది. జంతువు నడకలో దానికి పెద్ద పని ఉండదు, అందుకే వెన్నలా తెగుతుంది, ధర కూడా అందుకే ఎక్కువ. ఆంత్రకోత్‌లో కొవ్వు చారలుంటాయి కాబట్టి అదీ పర్వాలేదు. ఏదైనా సరే నారకి అడ్డంగా కోసుకుంటే నమలడం తేలిక. 'కోత్ ద బఫ్' జోలికి మాత్రం పోకండి, అది ఇద్దరు ముగ్గురు పంచుకునే ఎముకతో సహా పెద్ద ముక్క.

బీఫ్ తినని పెద్దవాళ్లయితే బాతు రొమ్ము (మాగ్రే), కాల్చిన కోడి, ఆమ్లెట్, వేడి మేకపాల చీజ్ సలాడ్ అడగొచ్చు. సలాడ్‌లో 'లార్దోఁ' ఉన్నాయేమో చూడండి, అవి పంది మాంసం ముక్కలు. బంగాళాదుంపల్ని పశువుల కొవ్వులో వేయించే చోట్లూ ఉన్నాయి, పట్టింపు ఉంటే అడిగి తెలుసుకోండి.

5. ఇప్పుడు ఆ ప్రశ్న

జవాబులు నాలుగు. 'బ్లె' అంటే పైన మాత్రమే కాలి లోపల దాదాపు పచ్చి. 'సేన్యాఁ' ఎర్రగా. 'ఆ ప్వాఁ' లోపల గులాబీ రంగు. 'బ్యాఁ క్వీ' పూర్తిగా కాలింది. ఇక్కడో మెలిక: ఫ్రెంచ్ వంటవాళ్లు మనం అనుకునేదానికంటే ఓ మెట్టు తక్కువే కాలుస్తారు. ఆ ప్వాఁ అడిగినా మధ్యలో ఎరుపు కనబడొచ్చు. ఎరుపు చూస్తే ముఖం తిప్పుకునే నాన్నకి మొహమాటపడకుండా బ్యాఁ క్వీ చెప్పండి. వెయిటర్ కనుబొమ్మ ఎగరేస్తే ఎగరేయనివ్వండి, తినేది ఆయన కాదు. అలా చెబితే ఫిలె అయినా కొంత గట్టిపడుతుంది, కాబట్టి మిరియాల సాసో, వెన్న, గుడ్డు సొనలతో చేసే బేర్నేజ్ సాసో తోడు అడగండి.

ప్లేటులోకి ఎర్రగా కారేది నెత్తురు కాదని కూడా ముందే చెప్పేయండి. కండలో ఉండే మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ నీళ్లలో కలిసి దిగుతుంది, అంతే.

ముసలివాళ్లకి, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకి తార్తార్ వద్దు. నమలడం తేలికని 'స్టేక్ అషే' (కీమాతో చేసే స్టేక్) చెబితే మాత్రం బ్యాఁ క్వీ తప్పనిసరి. ముక్కగా ఉన్న మాంసంలో క్రిములు ప్రధానంగా పైపొరమీదే ఉంటాయి, పెనం వేడికి చస్తాయి. కీమా కొడితే అవి లోపలికి చేరతాయి, పైపై కాల్పు సరిపోదు.

6. నీళ్లు, మిగిలింది, బిల్లు

"యూన్ కరాఫ్ దో" అంటే ఊరికే కుళాయి నీళ్లు తెస్తారు. నీళ్లు ఉచితమని 2022 నుంచి మెనూలోనో బోర్డు మీదో రాయాలి కూడా. బ్రెడ్డుకీ డబ్బు అక్కర్లేదు. అది ముందే వస్తుంది కాబట్టి స్టేక్ వచ్చేలోపు నాన్న బుట్ట ఖాళీ చేయకుండా చూసుకోవాలి.

తిండి వదిలేయడం చేతకాని తరం వాళ్లది. కష్టపడి ఆఖరి ముక్కదాకా తిననివ్వకండి. 2021 జూలై నుంచి, అడిగితే మిగిలింది కట్టివ్వడం రెస్టారెంట్ల బాధ్యత.

కాఫీ డెజర్ట్‌తో పాటు రాదు, ఆ తర్వాత వస్తుంది. రాత్రి నిద్రపట్టదంటే 'దేకా' (కెఫీన్ తీసేసిన కాఫీ) అడగండి. బిల్లు దానంతట అది రాదు, "లాదిస్యోఁ, సిల్ వూ ప్లే" అనాలి. సర్వీస్ చార్జీ ధరలోనే కలిసి ఉంటుంది, బాగుందనిపిస్తే ఒకటి రెండు యూరోలు వదిలితే చాలు. నాన్న జేబులోకి చెయ్యి పెట్టేలోపు మీరు కట్టేయాలంటే టాయిలెట్‌కని లేచి కౌంటర్ దగ్గర ఇచ్చేయండి. వచ్చేటప్పటికి ఆయన ముఖం చిన్నబుచ్చుకుని ఉంటే కాఫీ డబ్బులు మాత్రం ఆయన చేతే ఇప్పించండి.