ఎండలు ముదరకముందే: డంపింగ్ యార్డు మట్టి మీద గ్యాస్ కొలవబోయేవాళ్లకు

మార్చి దాటితే నల్గొండలో పొద్దున పదింటికే నెత్తి మాడుతుంది. చెత్తగుట్ట మీద కప్పిన మట్టిలోంచి ఎంత మీథేన్ వస్తోందో కొలవాలంటే ఆరింటికల్లా గుట్ట ఎక్కి, పదిలోపు దిగిపోవాలి. ఇందులో ఒక తిరకాసు ఉంది. మన దగ్గర గాలి పీడనం రోజూ తెల్లవారుజాము నుంచి పదింటి దాకా పెరిగి, సాయంత్రం నాలుగింటికి పడిపోతుంది. పెరిగేటప్పుడు గ్యాస్ లోపలే అణిగి ఉంటుంది. మనం ఎండ తప్పించుకునే టైమే లెక్కను తక్కువ చూపించవచ్చు. రీడింగ్ పక్కన టైమ్, పీడనం రాయకపోతే ఆ అంకెకు విలువ లేదు.

అన్నిటికంటే ముందు పగుళ్ల సంగతి చూడాలి. ఎర్ర చెల్క మట్టి కప్పిన చోట సన్న నెర్రెలే ఉంటాయి. నల్లరేగడి కప్పితే మాత్రం ఎండకు చెయ్యి దూరేంత పగులుతుంది. మట్టిలో మీథేన్‌ను తినే బ్యాక్టీరియా ఉంటుంది కానీ, దానికి తడి కావాలి. మట్టి ఎండిపోతే అది మందగిస్తుంది, పగుళ్లలోంచి వచ్చే గ్యాస్ దానికి అందనే అందదు. కాబట్టి సాఫీగా ఉన్న చోట చాంబర్ (నేలలోంచి వచ్చే గ్యాస్‌ను పట్టే మూత డబ్బా) పెట్టి ‘గ్యాస్ లేదు’ అనుకోవద్దు. డిటెక్టర్‌ను నేలకు దగ్గరగా పట్టుకుని గుట్టంతా తిరిగి, పగుళ్ల చుట్టూ ముగ్గుపిండితో గుర్తు పెట్టండి. అక్కడా కొలవాలి, అక్కడే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. డిటెక్టర్‌లో అర శాతం కనిపించగానే పక్కకు జరగండి. చాంబర్ కింద ఉండే రింగును నేలలోకి దించడానికి ఇనుప సుత్తి వద్దు, రబ్బరు సుత్తి వాడండి. ఫోన్, బీడీ, అగ్గిపెట్టె బండి దగ్గరే వదిలెయ్యండి. ఎక్కడైనా నేల వెచ్చగా ఉన్నా, పొగ లేస్తున్నా ఆ రోజుకు కొలత మానుకోండి. లోపల చెత్త కాలితే పైమట్టి కింద డొల్ల ఏర్పడి, కాలు దిగిపోవచ్చు.

కుళ్లిన గుడ్డు వాసన వచ్చి, ఉన్నట్టుండి ఆగిపోయిందంటే గ్యాస్ పోయిందని నమ్మవద్దు. ఆ వాసన తెచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ 100 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో వంద వంతులు) దగ్గరకు చేరితే ముక్కే పనిచేయదు. అది గాలి కంటే బరువైనది, గుంటల్లో నిలుస్తుంది. చెత్తనీళ్ల బావిలోకి ఎవరు అడిగినా, ఏం పడిపోయినా దిగవద్దు.

ఇక చాంబర్ గురించి. రింగు ముందురోజే నాటి, బయట అంచుకు తడిమట్టి మెత్తండి. పోయిన ఎండాకాలం నల్లరేగడిలో నాటి మూడు రోజులు వదిలేశాం. మట్టి ముడుచుకుని వేలు పట్టేంత సందు పడింది, ఒక పూట రీడింగులన్నీ చెత్తబుట్టలోకే పోయాయి. డబ్బాకు వెండిరంగు రేకు చుట్టండి, లేకుంటే లోపలి గాలి వేడెక్కి లెక్క తప్పుతుంది. మూత పెట్టగానే ఒకటి, ఆపైన పది నిమిషాలకొకటి చొప్పున నాలుగు శాంపిళ్లు తీసి గ్రాఫ్ వేసి చూడండి. గీత తిన్నగా రాకపోతే మళ్లీ కొలవండి.

సూదులు, కుక్కలు, పాములు ఎలాగూ ఉంటాయి. పొడుగు బూట్లు, మందపాటి గ్లోవ్స్, ఇద్దరు మనుషులు, మజ్జిగ లేకుండా గుట్ట ఎక్కవద్దు.

జూన్‌లో మొదటి వాన పడ్డ మర్నాడు మాత్రం తొందరపడవద్దు. తడిసిన మట్టి రంధ్రాలు మూసుకుంటాయి, గ్యాస్ పక్కలకు జరిగి గుట్ట అంచుల్లో బయటపడుతుంది. అవతలికి నడిచే ముందు అక్కడ డిటెక్టర్ పెట్టి చూడండి.