తోడేళ్లు జతకట్టే కాలంలో బండి కుక్కల విషయంలో పాటించవలసిన జాగ్రత్తలు

ఉత్తర కెనడాలోని నూనవుట్‌లోను, గ్రీన్లాండ్‌లోని ఇనూయిట్ (ఉత్తర ధ్రువ ప్రాంతపు ఆదివాసులు) ఊళ్లలోను చలికాలం చివరి నెలలు మంచు మీద కుక్కలు లాగే బండ్లకు అనువైనవి. పగటి వెలుగు తిరిగి వస్తుంది, సముద్రపు మంచు ఇంకా గట్టిగానే ఉంటుంది. ఏడాదికి ఒక్కసారే జతకట్టే తోడేళ్లకు కూడా ఇంచుమించు ఇదే కాలం. అందువల్ల కుక్కల మందను సాకేవారు ఫిబ్రవరి రాకముందే కొన్ని ఏర్పాట్లు చేసుకోవడం మంచిది.

అన్నిటికంటే ముందు ఒక భ్రమను వదిలించుకోవాలి. ఎదకు వచ్చిన ఆడకుక్కను ఊరి బయట కట్టివేసి తోడేలుతో కలిపితే పుట్టే కూనలు మరింత బలంగా బండి లాగుతాయనే మాట చాలాకాలంగా ప్రచారంలో ఉంది. సైబీరియాకు ఉత్తరాన జోఖోవ్ దీవిలో దొరికిన సుమారు 9,500 ఏళ్ల నాటి కుక్క జన్యువులను నేటి బండి కుక్కల జన్యువులతో పోల్చి చూసిన అధ్యయనం ఒకటి 2020లో వెలువడింది. ఈ కుక్కల్లో అమెరికా ఆర్కిటిక్ (ఉత్తర ధ్రువ ప్రాంతపు) తోడేళ్ల రక్తం చెప్పుకోదగినంతగా కలిసిన జాడ లేదని అది తేల్చింది. ఎప్పుడో ఎక్కడో కొన్ని కూనలు అలా పుట్టి ఉండవచ్చు గాని, జాతిని తీర్చిదిద్దింది మాత్రం తోడేలు కాదు. బండికి కావలసింది కండబలం ఒక్కటే కాదు. తోటి కుక్కల మధ్య ఇమిడి, మనిషి మాట విని, కొత్తవారిని చూసి బెదరకుండా గంటల తరబడి లాగే గుణం కావాలి. హాలండులో 1930లలో జర్మన్ షెపర్డ్‌ను తోడేలుతో కలిపి రూపొందించిన సార్లోస్ జాతి, బిడియం ఎక్కువై, ఆశించిన పనికుక్క కాలేకపోయింది.

పైగా కట్టివేసిన కుక్కను తోడేలు జతగానే చూస్తుందన్న హామీ లేదు. ఆహారంగానూ చూడవచ్చు, గొలుసు ఉన్న కుక్క పారిపోనూ లేదు. కాబట్టి ఎదకు వచ్చిన ఆడకుక్కను మందలో చివరన కాక ఇళ్లకు దగ్గరగా, వీలైతే గట్టి కంచె లోపల ఉంచాలి. ఎద సుమారు మూడు వారాలు సాగుతుంది. రక్తస్రావం పలచబడింది కదా అని కాపలా సడలించకూడదు, ఎందుకంటే గర్భం నిలిచే రోజులు తరచుగా అప్పుడే మొదలవుతాయి. సీల్, వాల్రస్ వంటి సముద్ర జంతువుల మాంసపు తునకలను కుక్కల చుట్టూ వదిలేస్తే తోడేళ్లూ ఆర్కిటిక్ నక్కలూ ఆ వాసనకు ఊరిలోకే వస్తాయి.

ఆ నక్కల ద్వారానే ఆర్కిటిక్‌లో రేబీస్ నిలిచి ఉంటోంది. అది వాటి నుంచి తోడేళ్లకూ కుక్కలకూ సోకుతుంది. మందలోని ప్రతి కుక్కకూ రేబీస్ టీకా, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బుకు టీకా ఈ కాలానికి ముందే పడాలి. అడవి జంతువుతో పెనుగులాడి గాయపడిన కుక్కను ముట్టుకునేటప్పుడు చేతి తొడుగులు తప్పనిసరి. మనిషికి కాటు పడితే గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో పదిహేను నిమిషాలపాటు కడిగి, వెంటనే ఆరోగ్య కేంద్రానికి చేర్చాలి. లక్షణాలు బయటపడ్డాక వైద్యం దాదాపు పనిచేయదు. తోడేలుకూ కుక్కకూ పుట్టిన సంకర కుక్కతో వచ్చే అసలు చిక్కు ఇక్కడే ఉంది. మామూలు కుక్క కరిస్తే దానిని పది రోజులు పరిశీలనలో ఉంచి చూడవచ్చు. అమెరికాలో రేబీస్ టీకాలకు తోడేలు సంకరాలపై వాడటానికి ఆమోదం లేదు, పది రోజుల నియమమూ వాటికి వర్తించదు. కనుక కరిచిన సంకరాన్ని చంపి మెదడును పరీక్షించవలసి రావచ్చు.

ఎంత కాపాడినా పొరపాటున తోడేలుతో కలిసిన కుక్క రెండు నెలల్లో ఈనుతుంది. తోడేలు కూనలు చూపూ వినికిడీ ఇంకా రాని రెండు వారాల వయసులోనే పరిసరాలను తెలుసుకోవడం మొదలుపెడతాయి, కుక్క కూనలు నాలుగు వారాలప్పుడు. సంకర కూనల తీరు ఏ వైపు మొగ్గుతుందో ముందుగా చెప్పలేము కనుక మనిషి చేయి వాటికి తొలి వారాల నుంచే అలవాటు కావాలి. అలా పెంచినా ఎదిగాక తిండి దగ్గర కరుకుగా మారే వాటిని చిన్నపిల్లలు తిరిగే చోట కట్టకూడదు, మేత వేసే పని పిల్లలకు అప్పగించకూడదు.

ఇలాంటి కూనను మరొకరికి ఇచ్చేటప్పుడు దాని పుట్టుక దాచకుండా చెప్పాలి. సంకరాలు గొడ్డువి కావు. వాటి సంతానం మందలో కలిసిపోతుంది. గ్రీన్లాండ్‌లో 2002లో సుమారు 25,000 ఉన్న బండి కుక్కలు 2020 నాటికి సుమారు 13,000కు తగ్గాయి. ఆ జాతి కల్తీ కాకుండా నిలవాలని అక్కడ ఆర్కిటిక్ వృత్తానికి ఉత్తరాన పశ్చిమ తీరంలోను, తూర్పు తీరంలోను ఇతర జాతుల కుక్కలకు ప్రవేశమే లేదు. ఆ హద్దు దాటి వెళ్లిన స్థానిక కుక్కను కూడా తిరిగి రానివ్వరు.