పిల్లి గాయానికి చీము పడితే ఏం చేయాలి?

పిల్లుల్లో చీము పట్టే గాయాలు చాలావరకు పోట్లాటల్లో అయినవే. రాత్రిపూట ప్రహరీ గోడ మీద రెండు గండుపిల్లులు కలబడతాయి, సన్నని కోరపన్ను లోతుగా దిగుతుంది. పైన కన్నం త్వరగానే పూడుకుపోతుంది, పన్ను మీది క్రిములు లోపలే ఉండిపోతాయి. రెండు నుంచి ఐదు రోజుల్లో అక్కడ గడ్డ లేస్తుంది. ముందు తడిమి చూడాల్సినవి బుగ్గలు, ముందు కాళ్లు, తోక మొదలు. ఎదురు నిలిచిన పిల్లికి ముఖం మీద, పారిపోయిన పిల్లికి తోక దగ్గర. ముట్టుకుంటే వేడిగా ఉండి, గుర్రుమని, తిండి మానేసి మంచం కింద దూరితే అదే.

ఇక్కడ చెప్పే పద్ధతి పగిలిన గడ్డకే. అది తానే పగిలి ఉండొచ్చు, డాక్టరు కోసి చీము తీసి ఇంటికి పంపి ఉండొచ్చు. పగలని గడ్డను బ్లేడుతో కోయొద్దు, సూదితో పొడవొద్దు. తానే పగిలినా సరే, డాక్టరుకు ఒకసారి చూపించాల్సిందే, యాంటీబయాటిక్ కావాలో లేదో తేల్చేది ఆయనే. గవర్నమెంటు పశువుల ఆసుపత్రి ఆవులకూ గేదెలకే అనుకుంటారు చాలామంది. పిల్లినీ చూస్తారు. గన్నవరం, తిరుపతి, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలకు ఆసుపత్రులున్నాయి.

కొన్నింటికి ఇంట్లో చెయ్యే పెట్టొద్దు, నేరుగా బుట్టలో పెట్టుకుని బయల్దేరాలి. కంటి దగ్గర, ఛాతీ మీద, పొట్ట మీద, కీలు మీద అయిన గాయాలు. పురుగులు పడ్డవి. కుక్క కరిచినవి (పైన చిన్న గాటే కనిపిస్తుంది, లోపల కండ చిరిగిపోయి ఉంటుంది). చిగుళ్లు పాలిపోయినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ఒక రోజంతా ఏమీ తినకపోయినా అంతే. పిల్లి ఒంటి వేడి మామూలుగా 100.5 నుంచి 102.5 ఫారన్‌హీట్ దాకా ఉంటుంది. 103 దాటితే జ్వరమే.

కావాల్సినవి

మెడికల్ షాపులో నార్మల్ సెలైన్ సీసా, సూది లేని 10 లేదా 20 మి.లీ. సిరంజి, గాజ్ గుడ్డ, చేతి గ్లోవ్స్, పాత టవలు, మెడకు ప్లాస్టిక్ కోన్. సెలైన్ దొరక్కపోతే అర లీటరు నీళ్లు మరగబెట్టి, తలకొట్టిన టీ చెంచా ఉప్పు కలిపి చల్లార్చండి. దూది వద్దు, పోగులు పుండులో ఉండిపోతాయి.

గాయం చుట్టూ బొచ్చు తీయాలంటే ట్రిమ్మరే. కత్తెర వద్దే వద్దు. పిల్లి చర్మం పలచన, బొచ్చు పట్టుకుని లాగితే దాంతో పాటే పైకి లేస్తుంది. ఒక్క కటింగుతో ఒక గాయం రెండవుతుంది.

పట్టుకోవడం పెద్ద విద్యేమీ కాదు. టవలులో నాలుగు కాళ్లూ లోపలికి వచ్చేలా బిగుతుగా చుట్టి, గాయమున్న చోటు మాత్రం బయటికి ఉంచాలి. ఇంకో మనిషి ఉండాలి. మెడ పట్టి వేలాడదీయొద్దు.

కాపడం, కడగడం

అందరూ పాడుచేసేది ఇక్కడే. పైన పక్కు కట్టగానే "ఆరిపోయిందండీ, మానిపోయింది" అని సంబరపడతారు. చీము పట్టిన గాయం లోపలి నుంచి పైకి మానాలి, కన్నం అన్నిటికంటే చివర పూడాలి. పైన ముందే మూసుకుపోతే చీము లోపల నిలిచి, మళ్లీ అదే చోట గడ్డ లేస్తుంది. కాబట్టి డాక్టరు చెప్పినన్నాళ్లు కన్నాన్ని తెరిచి ఉంచడమే మీ పని. కట్టు కట్టొద్దు, పౌడరు చల్లొద్దు. డాక్టరు రబ్బరు గొట్టం పెట్టి పంపితే దాన్ని లాగొద్దు.

గాజ్ గుడ్డను గోరువెచ్చని సెలైన్‌లో ముంచి, పిండి, ముందు మీ మణికట్టు లోపలి వైపు పెట్టి చూసుకోండి. వెచ్చగా ఉండాలి, చురుక్కుమనకూడదు. దాన్ని గాయం మీద ఐదు నిమిషాలు ఆనించండి, చల్లారితే మళ్లీ ముంచండి. రోజుకు రెండు మూడు సార్లు. పక్కు మెత్తబడి అంచులు లేస్తాయి. అప్పుడు గుడ్డతో తుడిస్తే దానంతటదే వస్తుంది. రాకపోతే ఇంకో ఐదు నిమిషాలు కాపడం పెట్టండి, గోటితో పీకొద్దు.

ఇప్పుడు కన్నం కిందివైపుకు వచ్చేలా పిల్లిని తిప్పి పట్టుకుని, సిరంజి మూతి కన్నం ముందు పెట్టి మెల్లగా నొక్కండి. మూతిని లోపలికి గుచ్చొద్దు. పోసిన నీరు పోసినట్టే బయటికి రావాలి. లోపలికి పోతూ తిరిగి రాకపోతే వెంటనే ఆపేయండి. అది చర్మం కింద చేరుతోందన్నమాట, చుట్టూ వాపులా ఉబ్బడం వేలికి తెలుస్తుంది. ఆ పూటకు ఇక చాలు, డాక్టరుకు ఫోన్ చేయండి. సరిగ్గా వస్తుంటే మొదట నెత్తురు కలిసిన చిక్కటి చీము, ముక్కు మూసుకునే వాసన. తర్వాత పలచటి ఎర్రటి రసి. తేటనీరు వచ్చాక ఆపాలి.

చీమును నొక్కి పిండొద్దు. రెండు బొటనవేళ్లతో మొటిమ పిండినట్టు పిండితే చీము పక్క కండలోకి దారి చేసుకుంటుంది, నొప్పికి తట్టుకోలేక పిల్లి మీ చెయ్యి అందుకుంటుంది. కారేది దానంతట అదే కారుతుంది.

కడగడానికి నేను ఉత్త సెలైనే వాడతాను. బెటాడిన్ వాడమని డాక్టరు చెబితే నీళ్లు పలచని టీ రంగుకు వచ్చేంత మాత్రమే కలపాలి, తర్వాత సెలైన్‌తో కడిగేయాలి.

పసుపు పెట్టమనే వాళ్లతో నాకు ఎప్పుడూ గొడవే. పొడి కన్నంలో దిగి పిడచ కట్టి దాన్ని మూసేస్తుంది. మూయకూడదనే కదా ఇంత అవస్థ! డెటాల్ ఇంకా ప్రమాదం, పిల్లి దాన్ని నాకుతుంది, దాని లివర్ అలాంటి మందును విరవలేదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ నురగ చూడ్డానికి బాగుంటుంది గానీ కొత్తగా పుట్టే కండను కూడా కాల్చేస్తుంది. స్పిరిట్, కర్పూరం, టర్పెంటైన్, పశువులకు ఈగల కోసం కొట్టే స్ప్రేలు, ఏవీ వద్దు. నొప్పికని పారాసిటమాల్ అసలే వద్దు, మనుషులు వేసుకునే ఒక్క మాత్రకు పిల్లి చచ్చిపోవచ్చు. ఐబుప్రోఫెన్ కూడా అంతే.

తర్వాత

కోన్ పెట్టండి. ప్లాస్టిక్‌దే, మెత్తటి గుడ్డ కోన్‌ను మడిచి నాకేస్తుంది. "నాకితే మానుతుంది" అనేది ఉత్తమాట, గాయానికి చీము పట్టించిన క్రిములు పిల్లి నోట్లో ఉండేవే. తిండి పెట్టేటప్పుడు ఎదురుగా కూర్చుని తీయండి.

యాంటీబయాటిక్ ఎన్ని రోజులు రాస్తే అన్ని రోజులూ వేయాలి, వాపు తగ్గిందని మధ్యలో ఆపొద్దు. డాక్సీసైక్లిన్ మాత్రను పొడిగా మింగిస్తే గొంతు గొట్టంలో అంటుకుని పుండు పడుతుంది. వెంటనే 5 మి.లీ. నీళ్లు సిరంజితో తాగించండి.

ఈ పనిలో పిల్లి మిమ్మల్ని కరిస్తే సబ్బు పెట్టి, కుళాయి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు మనుషుల డాక్టరును కలవండి. రేబిస్ సూదుల సంగతి తేల్చేది ఆయనే, చేయి వాచిందా అని మీరు ఆగి చూడొద్దు. పిల్లిని ఊరకుక్క గానీ, ఏదో తెలియని పిల్లి గానీ కరిచిందన్న అనుమానముంటే అది పశువైద్యుడికి మొదటే చెప్పండి.

రెండు రోజుల్లో వాపు దిగి, మామూలుగా తినడం మొదలుపెట్టాలి. లేకపోతే మళ్లీ చూపించాలి. మానాక అదే చోట తిరిగి గడ్డ లేస్తే లోపల విరిగిన పన్ను ముక్కో, పుల్లో ఉండిపోయిందేమో చూడమనండి. మానని గాయాలున్న పిల్లికి ఎఫ్.ఐ.వి. పరీక్ష అడగండి, కాట్ల ద్వారా అంటుకునే వైరస్ అది. మగపిల్లి అయితే గాయం పూర్తిగా మానిన తర్వాత పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి, గోడ మీది పోట్లాటలు బాగా తగ్గుతాయి.