చవక గ్రాఫిక్స్ టాబ్లెట్‌తో గీత కుదరడం లేదా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

కంప్యూటర్లో బొమ్మలు వేయడం మొదలుపెట్టేవాళ్లు ముందు అడిగేది "ఏ టాబ్లెట్ కొనాలి?" అని. కొన్న కొన్నాళ్లకు వాళ్లే "గీత సరిగ్గా రావట్లేదు, ఇంకా ఖరీదైంది తీసుకోవాలా?" అంటారు. చాలాసార్లు అక్కర్లేదు. చవక టాబ్లెట్ మీద పడే నిందల్లో ఎక్కువ భాగం డ్రైవర్‌వో (టాబ్లెట్‌ను కంప్యూటర్‌తో కలిపే సాఫ్ట్‌వేర్), డ్రాయింగ్ ప్రోగ్రామ్‌వో. నిజంగా పరికరానివే అయిన లోపాలు కొన్నే. ఆ కొన్నీ ఏవో తెలిస్తే కొనేటప్పుడు ఏం చూడాలో కూడా తెలుస్తుంది. అందుకే కింద ప్రతి సమస్యకూ కారణం, పరిష్కారంతో పాటు అవసరమైన చోట కొనుగోలు సలహా కూడా కలిపి చెబుతున్నాను. ఇదంతా కంప్యూటర్‌కి తగిలించుకునే, స్క్రీన్ లేని పెన్ టాబ్లెట్ల గురించి. డబ్బు తక్కువున్నప్పుడు నాసిరకం స్క్రీన్ ఉన్నదానికంటే స్క్రీన్ లేని మంచి టాబ్లెట్టే మేలని నా గట్టి నమ్మకం.

సమస్య: ఎంత నొక్కినా గీత ఒకే మందంలో వస్తోంది

అందరికీ ఎదురయ్యే సమస్య ఇదే. పరిష్కారం ఎక్కడ వెతకాలో తేల్చే పరీక్ష ఒకటుంది. టాబ్లెట్ డ్రైవర్ తెరిస్తే అందులో పెన్ను ఒత్తిడి చూసుకునే చిన్న పెట్టె ఉంటుంది. అందులో గీయండి. మెల్లగా నొక్కితే తక్కువ, గట్టిగా నొక్కితే ఎక్కువ చూపిస్తోందా? అలాగైతే పెన్నూ, టాబ్లెట్టూ బాగానే ఉన్నాయి. ఒత్తిడి సమాచారం ప్రోగ్రామ్ దాకా చేరట్లేదంతే.

విండోస్‌లో ఆ సమాచారం వెళ్లడానికి రెండు దారులున్నాయి: వింటాబ్, విండోస్ ఇంక్. డ్రైవర్ ఒక దారిలో పంపుతుంటే ప్రోగ్రామ్ ఇంకో దారిలో ఎదురుచూస్తుంటుంది. ఫోటోషాప్ మామూలుగా విండోస్ ఇంక్‌నే వాడుకుంటుంది. కాబట్టి డ్రైవర్‌లో విండోస్ ఇంక్ అన్న గడికి టిక్ పెట్టండి. క్రిటా అనే డ్రాయింగ్ ప్రోగ్రామ్‌లో అయితే కాన్ఫిగర్ క్రిటా, ఆపైన టాబ్లెట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి రెండింటిలో ఒకటి మార్చి, ప్రోగ్రామ్ మూసి మళ్లీ తెరవండి. మ్యాక్‌లో అయితే ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో యాక్సెసిబిలిటీ, ఇన్‌పుట్ మానిటరింగ్ రెండుచోట్లా డ్రైవర్‌కి అనుమతి ఇచ్చారో లేదో చూడండి. ఇవన్నీ సరిగ్గానే ఉంటే బ్రష్ మార్చి చూడండి. కొన్ని బ్రష్‌లను ఒత్తిడితో సంబంధం లేకుండానే తయారుచేస్తారు.

డ్రైవర్ పెట్టెలోనే కదలిక లేకపోతే, గతంలో వాడిన వేరే కంపెనీ డ్రైవర్ ఇంకా కంప్యూటర్లో ఉందేమో వెతకండి. పాతవన్నీ తీసేసి, రీస్టార్ట్ చేసి, తయారీదారు సైటులోని డ్రైవర్ ఒక్కటే వేయండి. నిబ్ (పెన్ను మొన) బయటికి లాగి మళ్లీ గట్టిగా దూర్చండి. అది సరిగ్గా కూర్చోకపోయినా ఒత్తిడి నమోదు కాదు. పెన్ను ఆనకముందే గీత పడిపోతోందీ అంటే, నిబ్ ఇరుక్కుందో లోపలి సెన్సర్ పోయిందో. నిబ్ మార్చినా తగ్గకపోతే పెన్ను మార్చాల్సిందే.

కొనేటప్పుడు: పెట్టె మీద 8192, 16384 ప్రెషర్ లెవెల్స్ (ఒత్తిడిని పెన్ను ఎన్ని మెట్లుగా గుర్తిస్తుందో ఆ సంఖ్య) అని పెద్ద అక్షరాలతో వేస్తారు. వన్ బై వాకామ్ లాంటి టాబ్లెట్‌కు ఉన్నవి 2048 మాత్రమే. బొమ్మలు వేయడానికి అవి సరిపోతాయి. 2048కీ 8192కీ తేడా చేతికి తెలియదు. తెలిసేది ఇంకొకటి: ఎంత తేలికగా ఆనిస్తే గీత మొదలవుతుందో అది. పెన్నును చివర రెండు వేళ్లతో వదులుగా పట్టుకుని, దాని బరువు మీదే టాబ్లెట్ మీద జారనివ్వండి. సన్నటి గీత పడితే మంచి పెన్ను. కొంచెం నొక్కితే తప్ప పడకపోతే, లేత షేడింగ్ చేసిన ప్రతిసారీ ఏడిపిస్తుంది.

సమస్య: మెల్లగా గీస్తే ఏటవాలు గీత వంకరలు పోతోంది

చేయి వణుకుతోందా, టాబ్లెట్ వణికిస్తోందా? ముందు అది తేలాలి. ప్రోగ్రామ్‌లో స్టెబిలైజర్ (గీతలో వణుకు తగ్గించే సెట్టింగ్) పూర్తిగా ఆపండి. టాబ్లెట్ మీద ఒక ప్లాస్టిక్ స్కేలు ఏటవాలుగా పెట్టి, దాన్ని ఆనుకుని పెన్నును చాలా నెమ్మదిగా లాగండి. గీత తిన్నగా వచ్చిందా, వంకర మీ చేతిది. అది అలవాటుతో పోతుంది, స్టెబిలైజర్ కొంచెం పెడితే ఈలోపు పని జరుగుతుంది. స్కేలు పెట్టినా గీతలో చిన్న చిన్న అలలు కనిపిస్తే అది జిట్టర్.

చాలా టాబ్లెట్లలో పలక కింద తీగల వల ఒకటి ఉంటుంది. అది విద్యుదయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది, పెన్నులోని తీగచుట్ట దానికి స్పందిస్తుంది. పెన్నుకి బ్యాటరీ అక్కర్లేనిది అందుకే. పక్కన ఫోన్ చార్జరో, వైర్‌లెస్ చార్జింగ్ ప్యాడో, అయస్కాంతమో, కింద ఇనుప టేబులో ఉంటే స్థానం చెడేదీ అందుకే. చార్జర్ ప్లగ్గు తీసి చూడండి, టాబ్లెట్‌ను చెక్క బల్ల మీదికి మార్చండి, వేరే యూఎస్‌బీ పోర్టులో పెట్టండి. ఇవన్నీ చేశాక కూడా అలలు అలాగే ఉంటే అది పరికరం లోపమే, సెట్టింగులతో పోదు.

అందుకే కొత్త టాబ్లెట్ చేతికొచ్చిన రోజే నడిమధ్యలోనూ, నాలుగు మూలల్లోనూ ఈ స్కేలు పరీక్ష చేయమని అందరికీ చెబుతాను. చవక వాటిలో అంచుల దగ్గర గీత చెడడం ఎక్కువ. తిప్పి పంపే గడువు దాటాక తెలిస్తే చేసేదేం ఉండదు.

సమస్య: గుండ్రంగా గీస్తే కోడిగుడ్డులా వస్తోంది

టాబ్లెట్ నిష్పత్తి, స్క్రీన్ నిష్పత్తి వేరుగా ఉన్నాయి. 10 × 6.25 అంగుళాల టాబ్లెట్ 16:10 నిష్పత్తిలో ఉంటుంది, మామూలు మానిటర్ 16:9. డ్రైవర్‌లో నిష్పత్తి కాపాడే ఆప్షన్ ఆన్ చేయండి. అప్పుడు ఎత్తులో సుమారు 5.6 అంగుళాలే పనిచేస్తాయి, మిగిలిన పట్టీ ఖాళీగా ఉండిపోతుంది. పోనివ్వండి, గుండ్రం గుండ్రంగా రావడం ముఖ్యం. రెండు మానిటర్లు వాడేవాళ్లకు ఈ సాగుడు ఇంకా దారుణంగా ఉంటుంది. టాబ్లెట్ మొత్తం రెండు స్క్రీన్ల మీదా పరుచుకుంటుంది కాబట్టి. డ్రైవర్‌లో బొమ్మ వేసే ఒక్క మానిటర్‌నే ఎంచుకోండి.

సమస్య: అడ్డంగా గీస్తే ప్రతిసారీ ఒకవైపు వాలుతోంది

టాబ్లెట్ స్క్రీన్‌కి సమాంతరంగా లేదు. కీబోర్డును పక్కకు జరిపి, టాబ్లెట్‌ను స్క్రీన్ మధ్యకు ఎదురుగా పెట్టండి. స్క్రీన్ చూస్తూ ఎడమ నుంచి కుడికి గీయండి. వాలిన మేరకు టాబ్లెట్‌ను కొద్దిగా తిప్పండి. చేయి ఒకచోట, చూపు ఒకచోట ఉండడం మొదట్లో ఇబ్బందే. కొన్ని వారాలు రోజూ వాడితే పట్టు దొరుకుతుంది, దానికోసం టాబ్లెట్ మార్చక్కర్లేదు.

సమస్య: కాసేపటికే మణికట్టు నొప్పి, పెద్ద గీతలు రావట్లేదు

ఇది మాత్రం కొనుగోలులో జరిగే పొరపాటు. 4 × 3 అంగుళాల చిన్న పలక సంతకాలకూ, నోట్సుకూ బాగుంటుంది. బొమ్మలకు వద్దు. దాని మీద చిన్న కదలిక కూడా స్క్రీన్ మీద పెద్ద గీతవుతుంది, పనంతా మణికట్టే చేయాలి. ల్యాప్‌టాప్ వాడేవాళ్లకు 6 × 4 చాలు. 24 అంగుళాల మానిటర్ ఉంటే 10 × 6 దగ్గర చూడండి, మోచేయి నుంచి గీయడం వీలవుతుంది. లెవెల్స్ ఎక్కువున్న చిన్నదానికంటే, లెవెల్స్ తక్కువైనా చోటున్నదే తీసుకోమంటాను.

సమస్య: పెన్ను ముందు, గీత వెనక

1000 పిక్సెల్స్ కొత్త కాన్వాస్ తెరిచి, చిన్న గుండ్రటి బ్రష్‌తో గీయండి. ఆలస్యం మాయమైతే తప్పు టాబ్లెట్‌ది కాదు, కంప్యూటర్ మోయలేకపోతోంది. ఏ4 సైజు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 2480 × 3508 పిక్సెల్స్. దాన్నే 600 పెడితే పిక్సెల్స్ నాలుగింతలవుతాయి. డీపీఐ తగ్గించండి, లేయర్లు కలపండి. స్టెబిలైజర్ ఎక్కువ పెట్టినా గీత వెనకబడుతుంది. చిన్న కాన్వాస్‌లోనూ ఆలస్యముంటే మధ్యలో ఉన్న యూఎస్‌బీ హబ్ తీసేసి నేరుగా కంప్యూటర్‌కే తగిలించండి.

సమస్య: పెన్ను ఆనించి ఉంచితే చిన్న వలయం తిరుగుతోంది

విండోస్ దాన్ని రైట్ క్లిక్ అనుకుంటోంది. కంట్రోల్ ప్యానెల్‌లో పెన్ అండ్ టచ్ తెరిచి, ప్రెస్ అండ్ హోల్డ్ సెట్టింగ్స్‌లో టిక్ తీసేయండి.

సమస్య: ఫోన్‌కి తగిలిస్తే పలకలో చిన్న ముక్కే పనిచేస్తోంది

ఫోన్ నిలువుగా ఉంటే దాని ఆకారానికి సరిపోయే భాగమే పనిచేసేలా చాలా టాబ్లెట్లను తయారుచేస్తారు. అది లోపం కాదు. ఫోన్‌తోనే వాడాలనుకుంటే మాత్రం పెద్ద పలక తీసుకోండి. ఫోన్‌కి ఓటీజీ (యూఎస్‌బీ పరికరాలను తగిలించుకునే సౌకర్యం) ఉందో లేదో ముందే చూసుకోండి.

సమస్య: పలక మీద గరగరమంటూ గీతలు పడుతున్నాయి

నిబ్ ఒకవైపు అరిగి ఉలి మొనలా పదునెక్కింది. వేలితో తడిమితే అంచు తెలుస్తుంది. పెన్నుతో పాటు వచ్చే రింగులో నిబ్ పెట్టి లాగి, కొత్తది వేయండి. అలాగే గీస్తూ పోతే పలక పాడవుతుంది, పలకను మార్చలేం.

ఇక్కడే చవక టాబ్లెట్ల అసలు తేడా బయటపడుతుంది. ఒక మోడల్ పెన్ను ఇంకో మోడల్‌కి పనిచేస్తుందన్న నమ్మకం లేదు, కంపెనీ ఒక్కటే అయినా సరే. మీరు కొనబోయే మోడల్‌కి నిబ్‌లూ, పెన్నూ విడిగా అమ్ముతున్నారా? కేబుల్ ఊడదీసి మార్చుకోవచ్చా? కదిపితే కనెక్షన్ పోయే వాటిలో చాలావాటికి రోగం ఆ కేబుల్‌లోనే, లేదా వదులైపోయిన పోర్టులోనే. వాకామ్, హుయాన్, ఎక్స్‌పీ-పెన్, గావోమాన్ ఏదైనా సరే, బ్రాండ్ పేరుకంటే ముందు నేను చూసేవి ఇవి. లైనక్స్ వాడేవాళ్లయితే కెర్నెల్‌లోనే (లైనక్స్ లోపలి ప్రధాన భాగం) సపోర్టు ఉన్న వాకామ్ గానీ, ఓపెన్‌టాబ్లెట్‌డ్రైవర్ అనే ఉచిత డ్రైవర్ జాబితాలో ఉన్న మోడల్ గానీ చూసి తీసుకోండి.

వాడినది కొంటుంటే పోర్టులో కేబుల్ పెట్టి అటూ ఇటూ కదిపి చూడండి, స్కేలు పరీక్ష అక్కడే చేయండి. పెన్ను పోయిందని తక్కువకు ఇస్తుంటే, ఆ మోడల్ పెన్ను విడిగా ఎంతకు దొరుకుతుందో కనుక్కున్నాకే బేరం మాట్లాడండి.