మంగలి కత్తి పట్టే ముందు ఎడమ చేతికి పని నేర్పండి

దేవరకొండలో మా కటింగ్ షాపుకి ఈమధ్య కాలేజీ పిల్లలు ఆన్‌లైన్‌లో మంగలి కత్తి తెప్పించుకుని వస్తున్నారు. "అన్నా, ఇది ఎట్ల పట్టుకోవాలె?" అనేదే అందరి మొదటి ప్రశ్న. కుడి చేతి గురించే అడుగుతారు. గాటు పడకుండా కాపాడేది మాత్రం ఎడమ చెయ్యి. చర్మం వదులుగా ఉంటే కత్తి ముందు మడత పడుతుంది, ఆ మడత తెగుతుంది. బిగువుగా లాగి పట్టారా, కత్తి బరువుకే వెంట్రుక రాలిపోతుంది. ఎడమ చేతి వాటం వాళ్లు ఇదంతా తిరగేసి చదువుకోండి.

అందుకని మొదటి వారం కత్తి డబ్బాలోనే ఉండనివ్వండి. మామూలు రేజర్‌తోనే గీసుకుంటూ ఎడమ చేత్తో చర్మం లాగడం అలవాటు చేసుకోండి. కుడి చెంపకైతే ఎడమ చేతిని తల మీదుగా తెచ్చి, చెవి ముందు చర్మాన్ని పైకి గుంజాలి. అద్దంలో చూస్తూ చేస్తే మొదట్లో నవ్వొస్తుంది, తర్వాత చెయ్యే దారి పడుతుంది. వేళ్లకు నురగ అంటితే పట్టు జారుతుంది. వేళ్లు తుడుచుకుని, తడిపిన పటిక ముక్కను వేలికొసలకు రుద్దండి. చర్మం అతుక్కున్నట్టు పట్టు దొరుకుతుంది. నీళ్లలో ఫ్లోరైడ్ తీయడానికి నల్లగొండ పేరుతోనే వచ్చిన పద్ధతి ఉంది కదా, దాంట్లోనూ సున్నంతో పాటు వాడేది ఈ పటికే. మా జిల్లాకు దీంతో పాత చుట్టరికం.

ఇక కత్తి. రెండు రకాలున్నాయి. షాపుల్లో మేం వాడేది సగం బ్లేడు పెట్టే కత్తి. బ్లేడును కాగితంలో ఉండగానే మధ్యకు విరిచి, ఒక సగం బిగిస్తాం, మనిషి మారగానే పారేస్తాం. హెచ్‌ఐవీ భయం వచ్చాక అంతటా ఇదే పద్ధతి. రెండోది సానపట్టుకునే అసలు కత్తి. మా నాయిన పెళ్లిళ్లలో సన్నాయి ఊదేవాడు, పెళ్లికొడుక్కి గడ్డమూ ఆయనే గీసేవాడు. ఆయన పెట్టెలో ఉన్న కత్తి మీద జర్మనీలోని సోలింగెన్ ఊరి ముద్ర ఉండేది. సగం బ్లేడు కత్తి చవక, సాన పని లేదు. కానీ తేలిగ్గా ఉంటుంది, బ్లేడు మరీ చురుకు, చిన్న పొరపాటునూ క్షమించదు. అసలు కత్తికి బరువుంటుంది, చర్మం మీద మెత్తగా నడుస్తుంది. డబ్బు పెట్టగలిగితే అసలు కత్తితోనే నేర్చుకోమంటాను. అలుగు వెడల్పు అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతులు (5/8), కొస గుండ్రంగా ఉన్నది చూసుకోండి. సూదిగా ఉన్న కొస చెవి దగ్గర గుచ్చుకుంటుంది. ఎంత పదునున్నా ఒకరి కత్తి ఇంకొకరు వాడొద్దు.

చవగ్గా వచ్చే కొత్త కత్తులకు చాలావాటికి గడ్డం గీసేంత పదును ఉండదు. తెలిసినవాళ్లతో సన్నటి సానరాయి మీద నూరించుకోవాలి. వీధిలో చక్రం తిప్పుతూ కూరగాయల కత్తులు సానబట్టే ఆయనకు మాత్రం ఇవ్వొద్దు. ఆ నిప్పురవ్వల వేడికి అంచులో చేవ పోతుంది. గీసుకునే ప్రతిసారీ ముందు తోలుపట్టా మీద నలభై యాభై సార్లు ఆడించండి. కత్తి వీపు, అంటే పదును లేని మందపు వైపు, ముందు; అంచు వెనక. చివరికి రాగానే వీపు మీదనే తిప్పాలి. అంచు మీద తిప్పితే తోలూ తెగుతుంది, పదునూ పోతుంది.

స్నానం చేసి వచ్చాక గడ్డం గీసుకోండి. కుదరకపోతే వేడినీళ్లలో పిండిన తువాలు రెండు మూడు నిమిషాలు మొహానికి అద్దాలి. మా వైపు బోరు నీళ్లకు సబ్బు సరిగ్గా నురగ కాదు. మిషన్ భగీరథ నల్లా నీళ్లు పట్టిపెట్టుకుంటే చిక్కగా లేస్తుంది.

కత్తి తెరిచి మూడు వేళ్లు అలుగుకూ పిడికీ మధ్య ఉండే కాడ మీద, బొటనవేలు కింద, చిటికెన వేలు వెనక వంపు తిరిగిన తోక మీద పెట్టండి. చెంప మీద కత్తిని బల్లపరుపుగా ఆనించి, వీపును కొంచెం లేపండి. సుమారు 30 డిగ్రీలు. మరీ పడుకోబెడితే వెంట్రుక పీకుతుంది, మరీ నిలబెడితే తోలు గీరుకుపోతుంది. అంగుళం అంగుళం చొప్పున, వెంట్రుక వాలుకే గీయాలి. నొక్కొద్దు. పక్కకు అసలే జరపొద్దు. కూరగాయ కోసినట్టు కత్తి పక్కకు జరిగితేనే గాటు. కత్తి చెయ్యి జారితే పట్టుకోబోకండి, కాళ్లు వెనక్కి తీసి కింద పడనివ్వండి. పోయేది కత్తే కదా.

రెండు మూడు వారాలు చెంపలు మాత్రమే. మిగతాది మామూలు రేజర్‌తో కానివ్వండి. ఎడమ చెంపకు ఎడమ చేత్తో గీయమని కొందరు చెప్తారు. నేను ఒప్పుకోను. మొహం కుడివైపు తిప్పి, కుడి చేత్తోనే గీస్తే లాగే చెయ్యి మారదు. చెంపలు దారికొచ్చాక మెడ. గొంతు ముడి మీద నేరుగా గీయకూడదు, అక్కడి చర్మాన్ని పక్కకు లాగి తెచ్చి గీయాలి. మెడ మీద వెంట్రుక సుడి తిరిగి ఉంటుంది, వేలితో తడిమి వాలు తెలుసుకోండి. పై పెదవికి ముక్కు కొస పైకెత్తాలి, గదవకు కింది పెదవిని పళ్ల మీదికి మడవాలి. అన్నిటికన్నా మొండిది గదవే. మొటిమలున్న రోజు కత్తి జోలికి పోవద్దు. ఉల్టా గీయడం నెలల తర్వాతి మాట.

అయ్యాక చల్లనీళ్లతో కడిగి, తడి మొహానికి పటిక రుద్దండి. ఎక్కడ చురుక్కుమంటే అక్కడ నొక్కి గీశారన్నమాట, మర్నాడు ఆ చోట చెయ్యి తేలిక చేయండి. కత్తిని పొడిగుడ్డతో వీపు వైపు నుంచి అంచు వైపుకు తుడిచి, ఒక చుక్క కుట్టుమిషను నూనె రాయండి. తడి కత్తిని మడిచి పెడితే ఇరుసు దగ్గర తుప్పు మొదలవుతుంది. బాత్రూంలో కాకుండా, పిల్లలకు అందని బీరువా పై అరలో పెట్టండి.