చేపపొడి లేకుండా చేపల మేత: అసలు పనంతా సోయా దగ్గరే

ముందుగా ఒక హద్దు. ఈ పద్ధతి బొచ్చె, రవ్వ, మోసు, బంగారుతీగ పెంచేవారికి మాత్రమే. కొర్రమీను రైతులు దీని జోలికి రావద్దు. అది మాంసాహారి, దాని మేతలో నలభై శాతానికి పైగా మాంసకృత్తులు ఉండాలి. వట్టి గింజలూ చెక్కలూ వేసి దాన్ని పెంచాలనుకుంటే బూడిదలో పోసిన పన్నీరే.

మిగతా చేపలకు మాత్రం ఖరీదైన చేపపొడి ఎందుకు కొంటారో నాకు అర్థం కాదు. కొన్న పొడిలో చేప ఎంత, ఇసుక ఎంత, ఉప్పు ఎంత అన్నది సంచి విప్పితే గాని తెలియదు. అరచేయి దాటి ఎదిగిన బొచ్చె, రవ్వలకు మేతలో పాతిక శాతం మాంసకృత్తులు ఉంటే సరిపోతుంది. ఆదిలాబాద్, నిజామాబాద్, కామారెడ్డి వైపు సోయా పండుతుంది. వరంగల్ చుట్టూ పల్లీ, మొక్కజొన్న దొరుకుతాయి. ధాన్యం మిల్లులు చాలాచోట్ల ఉన్నాయి కాబట్టి తవుడుకు కొదవ లేదు. ఇన్ని చేతిలో పెట్టుకుని సముద్రం చేపను ఎండబెట్టి చెరువు చేపకు పెట్టడం నాకు నచ్చదు.

వంద కిలోల మేతకు నా లెక్క ఇది: సోయా గింజలు 25 కిలోలు, పల్లి చెక్క 20, నూనె తీసిన తవుడు 40, మొక్కజొన్న పిండి 12, ఖనిజ లవణాల మిశ్రమం 2, ఉప్పు 1. ఇవన్నీ ఎండు బరువులు. సోయాలో మాంసకృత్తులు 38 శాతం దాకా, పల్లి చెక్కలో 42 వరకు, తవుడులో 15, మొక్కజొన్నలో 9 ఉంటాయనుకుంటే మొత్తం పాతికకు వస్తుంది. మాంసకృత్తుల్లో ఉండే అమైనో ఆమ్లాల్లో లైసిన్ ఒకటి. పల్లి చెక్కలో అది తక్కువ, సోయాలో దండిగా ఉంటుంది. అందుకే ఈ రెండూ జోడీగా ఉండాలి, ఒక్కదానితోనే కానివ్వకూడదు. మెథియోనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం రెండింట్లోనూ అంతంతమాత్రమే. నీరు పచ్చగా ఉండి ప్లవకాలు, అంటే నీళ్లలో తేలే కంటికి ఆనని జీవులు, బాగా ఉంటే ఆ లోటును చాలావరకు చెరువే పూడుస్తుంది.

పల్లి చెక్క కొనేటప్పుడు ఒక ముక్క విరిచి లోపల చూడండి, వాసన చూడండి. బూజు పచ్చగా కనిపించినా, ముక్కిన వాసన వచ్చినా అక్కడే వదిలేసి రండి. ఆ బూజు వదిలే అఫ్లటాక్సిన్ అనే విషం మామూలు వేడికి పోదు. ఉడకబెడితే పోతుందిలే అనే మాట నమ్మకండి. ఖనిజాల మిశ్రమంలో భాస్వరం అందించే మోనో కాల్షియం ఫాస్ఫేట్ ఉండేలా చూసుకోండి. గింజల్లోని భాస్వరంలో ఎక్కువ భాగం ఫైటేట్ రూపంలో ఉంటుంది, చేప దాన్ని అరిగించుకోలేదు. బొచ్చె, రవ్వల జాతికి అసలు జీర్ణాశయమే ఉండదు, ఆమ్లం ఊరదు. పశువులకు వాడే డైకాల్షియం ఫాస్ఫేట్ వాటికి అంతగా ఒంటబట్టదు.

పత్తి చెక్క సంగతి చాలామంది అడుగుతారు. మనది పత్తి నేల, వరంగల్‌లోని ఎనుమాముల పత్తి మార్కెట్టు పక్కనే ఉంది, చవక కదా అంటారు. పొట్టు తీయని పత్తి చెక్కలో మాంసకృత్తులు తక్కువ, పీచు ఎక్కువ, పైగా గాసిపాల్ అనే విషం ఉంటుంది. అది లైసిన్‌ను కూడా కట్టి పడేస్తుంది. నా మేతలో పత్తి చెక్కకు చోటు లేదు, మీ మేతలోనూ ఉండకూడదు.

ఇక సోయా. మిగతాదంతా కలపడం, పిండడమే. నూటికి తొంభై మంది పాడుచేసేది ఇక్కడే.

పచ్చి సోయాలో ట్రిప్సిన్‌ను అడ్డుకునే పదార్థం ఉంటుంది. ట్రిప్సిన్ అంటే మాంసకృత్తులను అరిగించే రసం. అది పనిచేయకపోతే చేప తిన్నది తిన్నట్టే బయటకు పోతుంది. దీంతో చేపలు చావవు, అదే అసలు చిక్కు. చచ్చిపోతే కనీసం కారణం వెతుకుతారు. ఇక్కడ చేప బతికే ఉంటుంది, మేత తింటూనే ఉంటుంది, ఎదగదు. నెలలు గడిచాక వల వేసి చూసి, పిల్ల నాసిరకం అని సీడు ఇచ్చినవాడిని తిడతారు. ఆ పదార్థం సరైన వేడికి నాశనమవుతుంది. కాబట్టి సోయాకు నిప్పు చూపించి తీరాలి.

ఎలా అన్నదే ప్రశ్న. కడాయిలో వేయిస్తే చాలు అని చెప్పేవాళ్లున్నారు. ఇరవై ఐదు కిలోలు కడాయిలో వేయించి చూడండి: అడుగున నల్లబడినవి కొన్ని, పైన పచ్చిగా మిగిలినవి కొన్ని. మాడిన గింజలో లైసిన్ పోతుంది, మాడని గింజలో పాత సమస్య అలాగే ఉంటుంది. రెండు విధాలా నష్టమే. సోయాను ఉడకబెట్టాలి, వేరే దారి లేదు.

గింజలను కడిగి, రాత్రంతా, కనీసం ఎనిమిది గంటలు నానబెట్టండి. అవి రెట్టింపు కంటే ఎక్కువ బరువు అవుతాయి, పాత్ర అందుకు తగ్గట్టు పెద్దది పెట్టుకోండి. నానిన నీళ్లు పారబోయండి. కొందరు ఆ నీళ్లతోనే ఉడికిస్తారు, గింజలోని సత్తువంతా పోతుందని భయం. చేపకు అరగని చక్కెరలు కొన్ని ఆ నీళ్లలోకి దిగి ఉంటాయి, ఆ నీళ్లు పోవడమే మేలు. గంగాళంలో సగానికి మించి నింపకండి. సోయా నురుగు పొంగిందంటే పొయ్యి ఆరిపోతుంది. కొత్త నీళ్లు బాగా తెర్లాక గింజలు వేయండి. మళ్లీ తెర్లడం మొదలైనప్పటి నుంచి గడియారం చూసి నలభై నిమిషాలు. గంగాళం పొయ్యి మీద పెట్టినప్పటి నుంచి లెక్కపెట్టేవారే ఎక్కువ, అది తప్పు. అడుగంటకుండా కర్రతో కలుపుతూ ఉండండి.

నలభై నిమిషాలు కాగానే పైనుంచి ఒకటి, నడుమ నుంచి ఒకటి, అడుగు నుంచి ఒకటి తీయండి. బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కితే వెన్నలా నలగాలి. నడుమ గట్టి పలుకు తగిలినా, నోట్లో వేసుకుంటే పచ్చి చిక్కుడు వాసన కొట్టినా ఇంకో పది నిమిషాలు. తరువాత వడకట్టి, టార్పాలిన్ మీద వేలి మందం కూడా లేకుండా పలుచగా ఆరబెట్టండి. గుట్టగా పోస్తే సాయంత్రానికి జిగురు సాగి పులిసిపోతుంది. కొరికితే టక్కున విరిగేదాకా ఎండాలి.

అప్పుడు పరీక్ష. ఇది చేయకుండా మేత కలిపేవారితో నాకు మాటలు లేవు. పచ్చి సోయాలో యూరియేజ్ అనే ఎంజైము ఉంటుంది. వేడికి అది కూడా దాదాపు ట్రిప్సిన్‌ను అడ్డుకునే పదార్థంతో పాటే చస్తుంది. కాబట్టి యూరియేజ్ చచ్చిందో లేదో చూస్తే ఆ అడ్డుకునే పదార్థం సంగతీ తెలుస్తుంది. పొలానికి తెచ్చిన యూరియా చిటికెడు, ఉడికించి ఎండబెట్టిన సోయా పొడి ఒక చెంచా, గోరువెచ్చని నీళ్లు కొద్దిగా, మూత ఉన్న చిన్న సీసాలో కలపండి. నీళ్లు మరీ వేడిగా ఉంటే ఆ ఎంజైము సీసాలోనే చచ్చి పరీక్ష అబద్ధం చెబుతుంది. పసుపు నీళ్లలో ముంచిన తెల్ల కాగితం ముక్కను తడిగానే సీసా మూతి కింద, పిండికి తగలకుండా వేలాడదీసి మూత పెట్టండి. పక్కనే పచ్చి సోయా పొడితో ఇలాంటిదే ఇంకో సీసా పెట్టండి. అరగంటలో పచ్చి సోయా సీసాలో అమ్మోనియా ఘాటు ముక్కుకు తగులుతుంది, కాగితం ఎర్రబారుతుంది. ఉడికించిన దాంట్లో పసుపు పసుపుగానే ఉండాలి. అది కూడా ఎర్రబడితే మొత్తం గింజలను మళ్లీ ఉడికించండి. పరీక్ష చేసిన పిండిని పారేయండి, యూరియా కలిసినది చేపకు పోకూడదు.

నూనె మిల్లు నుంచి సోయా చెక్క కొంటే ఉడకబెట్టే పని తప్పుతుంది, అది వేడి చేసే వస్తుంది. 45 శాతం దాకా మాంసకృత్తులు ఉంటాయి కాబట్టి 20 కిలోలు చాలు, మిగిలిన ఐదు కిలోలు తవుడుతో పూడ్చండి. పరీక్ష మాత్రం దానికీ చేయండి. సంచి మీద రాసినదాని కంటే సీసాలో కనిపించినదే నాకు రుజువు.

మిగతాది తేలిక. సోయాను ఒక్కదాన్నే గిర్నిలో వేస్తే నూనె ఊరి రాయికి పట్టేస్తుంది, తవుడుతో కలిపి పట్టించండి. పల్లి చెక్కనూ మెత్తగా కొట్టించండి. మొక్కజొన్న పిండిని ముప్పై లీటర్ల నీళ్లలో జావ కాచి, గోరువెచ్చగా ఉండగా అన్నీ కలపండి. గుళికలు కట్టి ఉండేది ఆ జావ వల్లే. మాంసం కొట్టే ఖీమా యంత్రంలో మూడు మిల్లీమీటర్ల జల్లెడ పెట్టి తీయండి, నీడలో ఆరబెట్టండి. ఒక గుళికను గ్లాసు నీళ్లలో వేస్తే ఇరవై నిమిషాలైనా విడిపోకూడదు.

నీళ్ల మీద తేలుతూ పెరిగే చిన్న మొక్క అజొల్లాను కలపవచ్చా అని అడుగుతారు. పది కిలోల పచ్చి అజొల్లాలో తొమ్మిది కిలోలకు పైగా నీరే, దాంతో ఏ లెక్కా తేలదు. గడ్డిచేప ఉంటే నేరుగా చెరువులో వేయండి, మేతలో కలపకండి.

పాత మేత ఒక్కసారిగా మానేయకుండా వారం రోజుల్లో మెల్లగా మార్చండి. చేపల మొత్తం బరువులో రోజుకు రెండు శాతం: పావు కిలో చేపలు వెయ్యి ఉంటే ఐదు కిలోలు. గట్టు మీద నిలబడి విసరకండి. తట్టల్లో పెట్టి నీళ్లలోకి దించి, రెండు గంటల తరువాత పైకి లాగి చూడండి. మిగిలిందంటే మర్నాడు తగ్గించండి. మబ్బు పట్టి ఎండ లేని రోజున, తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచిన రోజున మేతే వేయకండి. ఉడికించిన సోయాలో నూనె అలాగే ఉంటుంది కాబట్టి ఈ గుళికలు త్వరగా ముక్కిపోతాయి. నెలకు సరిపడా మాత్రమే చేసుకుని, సంచులను గోడకు ఆనించకుండా బల్ల మీద పెట్టండి. వానాకాలంలో పదిహేను రోజులకు మించి నిల్వ ఉంచకండి.