సాకెట్ కనెక్షన్‌ను మూయడం: చివరి బైటు దాకా అందేలా ఎలా చేయాలి?

సర్వర్ ఫైలంతా పంపింది, క్లోజ్ కాల్ చేసింది, ఎక్కడా ఎర్రర్ రాలేదు. అయినా అవతలివారికి ఫైలు చివర తెగిపోయి చేరింది. లైనక్స్‌లో టీసీపీ (డేటాను వరుస తప్పకుండా చేరవేసే నెట్‌వర్క్ నియమావళి) ప్రోగ్రాములు రాసేవారిని బాగా ఏడిపించే చిక్కు ఇది. సెండ్ విజయవంతమైందంటే డేటా మన కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగం) బఫర్‌లోకి చేరిందని మాత్రమే అర్థం.

మొదట, పంపాల్సినదంతా సెండ్‌కు ఇచ్చాక షట్‌డౌన్‌ను షట్_డబ్ల్యూఆర్ ఎంపికతో కాల్ చేయండి. బఫర్‌లో మిగిలిన డేటా, దాని వెనుకే ఫిన్ (ఇక పంపేదేమీ లేదనే సంకేతం) వెళ్తాయి. ఇక మనం రాయలేం, చదవడం మాత్రం సాగుతుంది.

ఆ తర్వాత రీసీవ్ నుంచి సున్నా వచ్చేదాకా, అంటే అవతలివారూ పంపడం ముగించేదాకా, చదువుతూనే ఉండండి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే, డేటా పోయేదీ ఇక్కడే. మన వైపు చదవని బైట్లు మిగిలి ఉండగా క్లోజ్ చేస్తే లైనక్స్ ఫిన్‌కు బదులు రీసెట్ (కనెక్షన్‌ను ఉన్నపళంగా తెంచే సంకేతం) పంపుతుంది. దాంతో అవతలి యంత్రానికి చేరినా అక్కడి ప్రోగ్రాము ఇంకా చదవని డేటా కూడా పోవచ్చు. గుమ్మం దాకా వెళ్లిన ఉత్తరం ఇంట్లోవారి చేతికి అందనట్టే. అయితే అవతలివారు ఎప్పటికీ మూయకపోవచ్చు కనుక ఈ నిరీక్షణకు కొన్ని సెకన్ల గడువు తప్పక పెట్టండి.

ఇప్పుడు క్లోజ్ చేయండి. సిగ్నల్ అడ్డుపడి ఈఇంటర్ ఎర్రర్ వచ్చినా మళ్లీ కాల్ చేయవద్దు. లైనక్స్‌లో ఆ డిస్క్రిప్టర్ (సాకెట్‌ను గుర్తించే సంఖ్య) అప్పటికే విడుదలైపోతుంది. అదే సంఖ్య మరో థ్రెడ్ తెరిచిన ఫైలుకు దక్కి ఉంటే దాన్ని మూసేస్తారు. ఫోర్క్ చేసి పిల్ల ప్రాసెస్‌ను సృష్టించిన ప్రోగ్రాముల్లో దాని దగ్గర ఉన్న సాకెట్ నకలునూ మూయాలి. అది తెరిచి ఉన్నంతకాలం మన క్లోజ్‌తో ఫిన్ వెళ్లదు.

చివరగా కనెక్షన్ల స్థితిని చూపే ఎస్‌ఎస్ కమాండ్‌తో చూడండి. క్లోజ్-వెయిట్ వరుసలు పేరుకుపోతుంటే అవతలివారు మూసినా మన ప్రోగ్రాము మూయడం లేదన్నమాట. టైమ్-వెయిట్ (ముందుగా మూసిన వైపు కనెక్షన్ కొంతసేపు ఉండే స్థితి) కనిపిస్తే కంగారు వద్దు. దారితప్పి ఆలస్యంగా వచ్చే పాత ప్యాకెట్లు కొత్త కనెక్షన్‌లో కలవకుండా అది కాపలా కాస్తుంది. 1981 నాటి టీసీపీ ప్రమాణం లెక్కన ఇది 4 నిమిషాలు, లైనక్స్‌లో 60 సెకన్లు. దాన్ని తప్పించుకోవాలని లింగర్ గడువును (మిగిలిన డేటా వెళ్లేందుకు క్లోజ్ ఆగే సమయాన్ని) సున్నా చేస్తే మళ్లీ రీసెట్టే వెళ్తుంది. టైమ్-వెయిట్ వల్ల సర్వర్ పునఃప్రారంభంలో 'చిరునామా వాడుకలో ఉంది' అనే ఎర్రర్ వస్తుంటే, బైండ్‌కు (సాకెట్‌కు చిరునామా కేటాయించే కాల్‌కు) ముందు ఎస్‌ఓ_రీయూజ్‌అడ్రస్ ఎంపిక పెడితే చాలు.